ఈసీజీ నార్మలా? మరోసారి తీయించండి

దివిసీమలో అర్ధరాత్రి ఛాతీనొప్పి వస్తే ముందు గుర్తొచ్చేది గ్యాసే. సోడా తాగి, తెల్లారాక అవనిగడ్డ వెళ్తారు. ఈసీజీ నార్మల్ అనగానే హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేస్తారు. ప్రమాదమంతా ఇక్కడే.

మామూలు ఈసీజీ గుండె పనితీరును దాదాపు 10 సెకన్లే నమోదు చేస్తుంది. గుండెపోటు తొలిదశలో మార్పులు స్వల్పంగా ఉండొచ్చు. గుండె వెనక గోడ దెబ్బతింటే సాధారణ 12 లీడ్ల ఈసీజీలో స్పష్టంగా కనిపించకపోవచ్చు. అనుభవమున్న వైద్యులకూ ఒక్క కాగితంతో తేల్చడం కష్టమే.

అందుకే ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. నొప్పి తగ్గకపోతే మొదటి గంటలో 15-30 నిమిషాలకోసారి మళ్లీ తీయాలి. ట్రోపోనిన్ రక్తపరీక్షా అవసరమే. మొదట్లో అదీ నార్మల్‌గా రావొచ్చు కాబట్టి కొన్ని గంటలాగి మళ్లీ చేస్తారు.

నొప్పి రాగానే నేరుగా విజయవాడ బయల్దేరొద్దు. 108కి ఫోన్ చేయండి. అవనిగడ్డ, గుడివాడ, మచిలీపట్నం... ఏది దగ్గరైతే అక్కడ ముందు ఈసీజీ తీయించండి. రాష్ట్రంలో 2023లో మొదలైన స్టెమి కార్యక్రమం ఉద్దేశం ఇదే. చిన్నాసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రి గుండె వైద్యులు దూరం నుంచే చూస్తారు. అవసరమైతే రక్తపు గడ్డను కరిగించే ఖరీదైన ఇంజెక్షన్‌ను అక్కడే ఉచితంగా ఇస్తారు.

పాత ఈసీజీ ఫొటో ఫోన్లో ఉంచుకోండి. కొత్తదానితో పోల్చితే వైద్యులకు తేడా త్వరగా తెలుస్తుంది.