పిడుగురాయి కాదు... పూర్వీకుల గొడ్డలి!

చేలో దొరికే ఓ నున్నటి నల్లరాయి వెనక నాలుగువేల ఏళ్ల కథ ఉండొచ్చు. అయితే ఆ కథలో సగం రాతిలో ఉండదు. రాయి పడివున్న చోటులో ఉంటుంది!

హిందూపురంలో రైలెక్కి పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్తుంటే కిటికీ పక్కన గుట్టలే గుట్టలు. ఎవరో తీరిగ్గా కూర్చుని పేర్చినట్టుండే గుండ్లు. ఈ సీమలో చరిత్ర అనగానే మనకు లేపాక్షి బసవన్న గుర్తొస్తాడు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ గుర్తొస్తుంది. కానీ ఆ కోటగోడలు లేవడానికి వేల ఏళ్ల ముందే ఈ ప్రాంతంలో రాతిని చెక్కిన చేతులున్నాయి. ఇనుమంటే తెలియని ఆ మనుషులకు రాయే కత్తి, రాయే గొడ్డలి!

చెకుముకి దొరకని చోట...

ఐరోపాలో ఆదిమానవుడి పనిముట్లు ఎక్కువగా చెకుముకి రాతివే. సున్నపురాతి పొరల్లో దొరికే ఆ రాయిని కొడితే గాజుపెంకులా పదునుగా విడిపోతుంది. మన దగ్గర ఆ సదుపాయం లేదు. అందుకే ఇక్కడివాళ్లు పలుగురాయినీ, చెకుముకికి దగ్గరి చుట్టమైన చర్ట్‌నూ చిన్నచిన్న పెచ్చులుగా కొట్టుకున్నారు. వాటిని కర్రకో ఎముకకో బిగించి కత్తులుగా, బాణపు ములుకులుగా వాడుకున్నారు. గొడ్డలికి మాత్రం గట్టి నల్లరాయి కావాలి. దాన్ని ముందు చెక్కి, తర్వాత బండమీద అరగదీసి నునుపు చేసేవారు. పొలాల్లో బయటపడే ఈ రాళ్లు పిడుగుతో పాటు ఆకాశంనుంచి పడ్డాయన్న నమ్మకం మన దేశంలోనే కాదు, ఐరోపాలోనూ ఉండేది.

వీటి విలువను మన దేశంలో ముందుగా గుర్తించినవారిలో ఒకరు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్. 1863లో మద్రాసు దగ్గరి పల్లావరంలో ఆయనకో పాతరాతియుగపు పనిముట్టు దొరికింది. తర్వాత దక్షిణాదంతా తిరిగి పోగుచేసిన వాటిలో అనంతపురం జిల్లా రాళ్లూ ఉన్నాయి. ఆ సేకరణ ఇప్పుడు చెన్నై మ్యూజియం సొత్తు.

బూడిద చెప్పిన కబుర్లు

కళ్యాణదుర్గం ప్రాంతంలోని పాలవాయిలో బూడిదదిబ్బ ఉంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన వి.రామిరెడ్డి అక్కడ తవ్వకాలు జరిపారు. వాటి వివరాలతో 1976లో పుస్తకం వచ్చింది. సుమారు నాలుగువేల ఏళ్ల కిందట పశువుల్ని పెంచుకుంటూ బతికినవాళ్ల ఆనవాళ్లవి. దక్షిణాదిలోని ఇలాంటి దిబ్బలు పశువుల పేడ పోగుపడి, కాలి ఏర్పడినవని పరిశోధకులు తేల్చారు. ఆ బూడిద పక్కన దొరికింది కాబట్టే రాతిగొడ్డలి ఎవరిదో, ఏ కాలానిదో చెప్పగలిగారు. అదే గొడ్డలి ఎవరింట్లోనో అలమరాలో ఉంటే..? వట్టి రాయే!

బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం ఇంకా పెద్ద ఉదాహరణ. 74వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పటి బూడిద అక్కడి జుర్రేరు లోయలో పొరగా పేరుకుంది. ఆ పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంత ఉత్పాతం తర్వాతా ఇక్కడ మనుషులు మిగిలారా అన్న చర్చ ప్రపంచమంతా సాగింది. ఆ రాళ్లను ఎవరైనా ముందే ఏరేసి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

అక్కడ అల... ఇక్కడ పొక్లెయిన్

ఇంగ్లండు తూర్పు తీరంలో హేజ్‌బరో అనే ఊరుంది. 2000 సంవత్సరంలో అక్కడి సముద్రపు ఒడ్డున నడుస్తున్న ఒకాయనకు చెకుముకి చేతిగొడ్డలి కనిపించింది. అది చూసి మొదలైన తవ్వకాల్లో ఎనిమిది లక్షల ఏళ్లకు పైబడిన పనిముట్లు దొరికాయి. 2013లో అదే ఒడ్డున ఆదిమానవుల పాదముద్రలు బయటపడ్డాయి. రెండు వారాల్లో అలలు వాటిని చెరిపేశాయి. అయినా ఈలోపే శాస్త్రవేత్తలు కొలతలూ ఫొటోలూ తీసుకోబట్టి అవి ప్రపంచానికి దక్కాయి.

మనకు సముద్రం లేదు గానీ క్వారీలున్నాయి. చేలు చదును చేసే యంత్రాలున్నాయి. బళ్లారి పక్కనే సంగనకల్లు కొండమీద వేల ఏళ్ల కిందటి రాతిగొడ్డళ్ల తయారీ కేంద్రం ఉంది. దాన్నీ రాయి కొట్టే పనులు వదల్లేదు. అల తాకేముందు కాస్త గడువుంటుంది. గుట్టకు మందు పెట్టి పేల్చితే అదీ ఉండదు.

మీ కంట పడితే...

ఒక అంచు పదునుగా, రెండోకొస సన్నగా ఉన్న నున్నటి నల్లరాయి గానీ, ఒకేచోట కుప్పగా పలుగురాతి పెచ్చులు గానీ కనిపిస్తే వెంటనే ఏరేయకండి. ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి. కొలత తెలిసేలా పక్కన పెన్నో రూపాయి బిళ్లో పెట్టండి. ఏ గుట్ట కింద, ఏ వంక ఒడ్డున, ఎవరి చేలో చూశారో రాసి తహసీల్దారుకో, పురావస్తు శాఖకో తెలియజేయండి. సెలవుల్లో గుట్టలెక్కే పిల్లలకూ ఈ సంగతి చెప్పండి.

పనిముట్టు ఇంటికి తెచ్చుకుంటే మనకు మిగిలేది ఒక వస్తువు. ఉన్నచోటే వదిలి చెబితే మన సీమకు వేల ఏళ్ల వయసు వస్తుంది!