బెండకాయ ముద్ర, శుభలేఖ పొర

సంక్రాంతికి ఫోన్ నిండా ఫార్వర్డ్ బొమ్మలే. కుప్పంలో ఉండే మా అవ్వకి మాత్రం స్మార్ట్‌ఫోన్ లేదు. అందుకే మదనపల్లె నుంచి ఆమెకి చేత్తో చేసిన కార్డు పంపిస్తా. దాన్ని ఎవరూ డిలీట్ చేయలేరు కదా!

ముద్రలకి పెద్ద ఖర్చేం లేదు. బెండకాయని అడ్డంగా కోసి రంగులో అద్దితే ఐదు రేకుల పువ్వు రెడీ. పుంగనూరు ఆవు కావాలంటే మాత్రం పెన్సిల్ రబ్బరు మీద చెక్కుకోవాలి. కాళ్లు పొట్టిగా ఉండాలి సుమా, లేదంటే అది ఏ ఊరి ఆవో తెలీదు. పేరు చెక్కేటప్పుడు అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాసుకోండి. పెడన కలంకారీ అద్దకంలో ఒక్కో రంగుకి ఒక్కో టేకు అచ్చు వాడతారు. మనమూ పువ్వుకి ఒకటి, ఆకుకి ఒకటి పెట్టుకుందాం. మొదటి రంగు ఆరాకే రెండోది.

పొరలకి అటక మీదున్న పాత శుభలేఖలు చాలు. పేర్లున్న భాగం వదిలేసి మెరిసే అంచులు కత్తిరించండి. పై పొర కంటే కింది పొర 3 మిల్లీమీటర్లు ఎక్కువ కనిపించాలి. నీళ్ల జిగురు పూస్తే కాగితం ముడతలు పడుతుంది, రెండువైపులా అంటుకునే టేపు మేలు.

ఇక బరువు. 300 జీఎస్ఎం ఏ4 కాగితం ఒక్కటే దాదాపు 19 గ్రాములు. ఉత్తరాలకి మొదటి స్లాబు 20 గ్రాములే. పొరలు, కవరు కలిస్తే దాటిపోతుంది. ఏ4ని సగానికి కోసి మడిస్తే ఆ బెంగ లేదు. పూసలు, రాళ్లు అంటించకండి, దారిలో నలిగి ఊడిపోతాయి.

లోపల ఉత్త 'శుభాకాంక్షలు' రాసి వదిలేయొద్దు. మార్కెట్లో టమోటా ధర ఎంతుందో, ఇంట్లో ఎవరు పరీక్ష పాసయ్యారో పెద్ద అక్షరాలతో రాయండి. జనవరి మొదటి వారంలోనే పోస్టు డబ్బాలో వేసేయండి.