రోబోటు కీళ్ల సంరక్షణ

చేయి చాచి, భుజమును ఒకింత కదల్చి చూడుడు. భుజము కదలినది స్వల్పము. వ్రేలికొన కదలినది అధికము. కర్మాగారములలోని రోబోట్ల సంరక్షణలో ముఖ్యమైన చిక్కు ఇదియే.

1961లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, జనరల్ మోటార్స్ కర్మాగారములో ‘యూనిమేట్’ అను రోబోటును నెలకొల్పిరి. పోత అచ్చులనుండి వేడి లోహపు భాగములను తీయుట దాని పని. నేటి రోబోట్లు కార్లకు వెల్డింగు చేయుట, రంగు వేయుట మున్నగు పనులు చేయుచున్నవి. వీనిలో అనేకమునకు ఆరు కీళ్లుండును. ప్రతి కీలునకు ఒక మోటారు, దాని వేగమును తగ్గించు పళ్లచక్రములు, మోటారు తిరిగిన కోణమును కొలుచు సాధనము ఉండును.

పళ్లచక్రములు అరిగి, భుజపు కీలులో 0.1 డిగ్రీ తేడా వచ్చినదనుకొందము. హస్తము పొడవు 2 మీటర్లైనచో, కొనయందు తేడా సుమారు 3.5 మిల్లీమీటర్లగును. వెల్డింగు పడవలసిన చోట పడదు. కొలత సాధనము మోటారు వైపున ఉండుటచే, చక్రములకు ఆవల కలిగిన ఈ తేడా దానికి తెలియదు. రోబోటు తన పని సరిగానే ఉన్నదన్నట్లు సాగిపోవును.

అందుచే నిపుణులు కీళ్లలోని గ్రీజును తీసి, అందు ఇనుపరజను ఎంత చేరినదో పరీక్షింతురు. రజను హెచ్చినచో అరుగుదల హెచ్చినదన్నమాట.

హస్తము 3 మీటర్లైనచో కొనయందలి తేడా ఎంతయో విద్యార్థులు లెక్కించి చూడవచ్చును.