నొప్పి పదికి ఎంత? ఆ లెక్క ఒక్కటే చాలదు!

‘సున్నా నుంచి పది దాకా... మీ నొప్పికి ఎన్ని మార్కులేస్తారు?’

నడుం నొప్పని ఏ ఆసుపత్రికి వెళ్లినా ఈ ప్రశ్న ఎదురవుతుంది. మనం ‘ఆరు’ అంటాం. నెల తర్వాత మళ్లీ అడిగితే ‘నాలుగు’ అంటాం. ఫైల్లో ‘తగ్గింది’ అని రాసుకుంటారు. బాగానే ఉంది కదా! మరి ఆ నాలుగు మార్కుల మనిషి రాత్రి నిద్రపోతున్నాడా? గంటసేపు మీటింగ్‌లో కూర్చోగలుగుతున్నాడా? పండక్కి ఊరెళ్లే బస్సెక్కగలుగుతున్నాడా? వాటికి ఫైల్లో గడి ఉండదు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వయసు ఇరవై ఎనిమిది. రెండేళ్ల కిందట నడుం నొప్పి మొదలైంది, మూడు నెలలు దాటినా పోలేదు. నొప్పి మూడు నెలలకు మించి ఉండిపోయినా, పోయినట్టే పోయి మళ్లీ మళ్లీ వస్తున్నా వైద్యులు దాన్ని దీర్ఘకాలిక నొప్పి కింద లెక్కేస్తారు. నాకు మొదట రాసిచ్చినవి ప్రెగాబలిన్ అనే నరాల మాత్ర, ఓ నొప్పి మాత్ర, నడుముకో బెల్టు. నొప్పి ఆరు నుంచి మూడుకి దిగింది. అబద్ధం చెప్పను, నిజంగానే దిగింది. కానీ మాత్ర మత్తు పొద్దున పదకొండింటి దాకా వదిలేది కాదు. కోడ్‌లో నాలుగు లైన్లు చదివేసరికి మొదటి లైన్లో ఏముందో మర్చిపోయేదాన్ని. బెల్టు లేకుండా కుర్చీలోంచి లేవాలంటే భయం. ఖమ్మం బస్సెక్కడం ఆగిపోయింది. అక్క కూతురు ‘పిన్నీ, ఎత్తుకో’ అని చేతులు చాస్తే ఫోన్లో కార్టూన్ పెట్టి ఇచ్చేదాన్ని. ఫైల్ ప్రకారం మాత్రం సగం నయమైన పేషెంట్‌ని! మా ఆఫీసు భాషలో చెప్పాలంటే డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంది, యాప్ మాత్రం తెరుచుకోవట్లేదు.

పది ప్రశ్నల కాగితం

తర్వాత కలిసిన ఫిజియోథెరపిస్ట్ నా చేతికి ఓ కాగితం ఇచ్చారు. పేరు ‘ఓస్వెస్ట్రీ’. ఇంగ్లండ్‌లో ఓ ఊరి పేరది. అక్కడి ఎముకల ఆసుపత్రిలో తయారైన ఈ ప్రశ్నపత్రం 1980లో అచ్చయింది. మొత్తం పది అంశాలు. నొప్పి ఎంతుందని అడిగేది అందులో ఒక్కటే. మిగతా తొమ్మిదీ రోజువారీ బతుకు గురించే. స్నానం చేసి బట్టలు వేసుకోవడం, బరువులెత్తడం, నడక, కూర్చోవడం, నిలబడటం, నిద్ర, దాంపత్యం, నలుగురిలోకి వెళ్లడం, ప్రయాణం. ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు మార్కులు. ఎక్కువ వస్తే ఎక్కువ ఇబ్బంది అన్నమాట. నాకింకా పెళ్లి కాలేదు కాబట్టి దాంపత్యం దగ్గర ఖాళీ వదిలేశా. అలా వదిలేస్తే మిగతా నలభై అయిదు మార్కులకే లెక్కగడతారు. నాకు పదిహేడు వచ్చాయి, అంటే 38 శాతం.

‘నొప్పి సున్నా కావాలి’ అన్నా ఆమెతో. ‘దాని సంగతి తర్వాత. ముందు ఏం చేయగలిగితే మీకు సంతోషం?’ అని అడిగారు. ఖమ్మం బస్సు అన్నా. అదే లక్ష్యంగా రాసుకున్నాం. రోజూ పది నిమిషాల నడకతో మొదలు. నొప్పి తక్కువున్న రోజు హుషారుగా గంట నడవకూడదు, ఎక్కువున్న రోజు పూర్తిగా మానేయకూడదు. వారం వారం కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. గుంజీల్లాంటి వ్యాయామాలు చేర్చారు. డాక్టర్ పర్యవేక్షణలో ప్రెగాబలిన్ మెల్లమెల్లగా తగ్గిస్తూ ఆపేశారు. (దీన్ని ఉన్నపళంగా మానేస్తే నిద్ర పట్టకపోవడం, ఆందోళన లాంటి తిప్పలొస్తాయి. ఈ వ్యాసం చదివి మీ మాత్రలు మీరే ఆపేయకండి.)

ఏడు నెలల తర్వాత మళ్లీ అదే కాగితం నింపా. 38 శాతం కాస్తా 16కి వచ్చింది. నొప్పి మార్కు మూడు నుంచి నాలుగైంది! పాత ఫైల్ చూసేవాళ్లు ‘పెరిగింది’ అని రాసుకుంటారేమో. నేను మాత్రం మధ్యలో ఒకసారి దిగి నడుం చాచుకుని, ఖమ్మం దాకా బస్సులోనే వెళ్లొచ్చా.

అలారం పాడైంది

ఇదెలా సాధ్యం? కొత్త దెబ్బకి నొప్పి ఓ హెచ్చరిక. నెలల తరబడి ఉండిపోయిన నొప్పి తీరు వేరు. చాలామందిలో నరాల వ్యవస్థే అతిసున్నితంగా మారిపోతుంది. నైట్ డ్యూటీలో సర్వర్ బాగానే ఉన్నా పేజర్ మోగుతూనే ఉంటుంది చూడండి, అలా. అందుకే నొప్పి ఎంతుందో, నష్టం కూడా అంతే ఉందనుకోవడానికి లేదు.

ఎంఆర్ఐ రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అన్న మాట చూసి హడలిపోయేవాళ్లు మా ఆఫీసులోనే అరడజను మంది ఉన్నారు. 2015లో వచ్చిన ఓ సమీక్ష వాళ్లకి చూపించాలి. నడుం నొప్పే లేని 3,110 మంది స్కాన్లను అందులో కలిపి చూశారు. ఇరవై ఏళ్ల వయసువాళ్లలోనే 37 శాతం మందికి డిస్కుల అరుగుదల ఉంది, 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు ఉంది. ఎనభై ఏళ్లవాళ్లలో అరుగుదల 96 శాతం మందిలో కనిపించింది. తల నెరిసినట్టే ఇదీనూ.

అయితే కొన్ని లక్షణాలకి ఈ ఓదార్పు వర్తించదు. మలమూత్రాలు అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, కాళ్లలో బలం తగ్గుతూ పోవడం... ఇవి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా ఆలస్యం చేయొద్దు.

ప్రపంచంలో 2020 నాటికి 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని అంచనా. దీర్ఘకాలిక నడుం నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. నొప్పి గురించి అర్థమయ్యేలా చెప్పడం, వ్యాయామం, మసాజ్, మానసిక చికిత్స, కొన్ని నొప్పి మాత్రలు పనికొస్తాయంది. నడుం బెల్టులు, ట్రాక్షన్, ఓపియాయిడ్ మందులు మామూలుగా వాడొద్దంది. ఆ ఓపియాయిడ్ల గురించి అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 240 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. నడుం, తుంటి, మోకాలి నొప్పులున్న వాళ్లని రెండు జట్లు చేసి ఏడాది పాటు చూశారు. ఓపియాయిడ్లు వాడినవాళ్లు రోజువారీ పనుల్లో మిగతావాళ్ల కన్నా మెరుగేమీ కాలేదు. నొప్పి కూడా మామూలు మందుల జట్టులోనే కాస్త తక్కువుంది.

ఇన్ని తెలిసినా బెల్టు, మాత్రలే ఎందుకు ముందొస్తాయి? మాత్రల షీటు రాయడం నిమిషం పని. ఫిజియోథెరపీకి వారానికి రెండుసార్లు ట్రాఫిక్‌లో వెళ్లి రావాలి. చాలా ఆఫీసు బీమాలు దానికి డబ్బులివ్వవు. నా జేబుకి బాగానే తెలుసు.

‘మంచి డాక్టరే’... మరి మోకాళ్లో?

మా అమ్మకి ఆరేళ్లుగా మోకాళ్ల నొప్పులు. డాక్టర్ ఎలా చూస్తున్నారంటే ‘దేవుడిలాంటివాడే, ఎంత ఓపిగ్గా మాట్లాడతాడో’ అంటుంది. పూర్తి సంతృప్తి. కింద కూర్చుని పూలమాల కట్టడం మానేసి మాత్రం మూడేళ్లయింది. నొప్పి తగ్గకపోయినా, పనులు ఆగిపోయినా, మర్యాదగా చూస్తే చాలు మనం నిండుగా మార్కులేసేస్తాం. అమెరికాలో రోగుల సంతృప్తి సర్వేలో నొప్పి ప్రశ్నలు కూడా ఉండేవి, వాటిని బట్టి ఆసుపత్రులకిచ్చే డబ్బులో హెచ్చుతగ్గులు ఉండేవి. మార్కుల కోసం ఓపియాయిడ్లు ఎక్కువ రాస్తారేమోనన్న ఆందోళనతో 2016లో ఆ ప్రశ్నలని చెల్లింపుల లెక్కలోంచి తీసేయాలని నిర్ణయించారు.

ఓస్వెస్ట్రీ నడుముకే. మోకాళ్లకైనా మెడకైనా సరిపోయే చిన్న కొలత ఒకటుంది. 2009లో వచ్చిన ‘పెగ్’. గడిచిన వారంలో నొప్పి సగటున ఎంత? అది మీ సంతోషానికి ఎంత అడ్డుపడింది? పనులకి ఎంత అడ్డుపడింది? మూడింటికీ పదికి మార్కులేసి, సగటు తీయడమే. ఫోన్ నోట్స్‌లో రాసుకుంటే చాలు, యాప్ కూడా అక్కర్లేదు.

పోయిన నెల అమ్మని ఈ మూడూ అడిగా. నొప్పికి అయిదే వేసింది. పనుల దగ్గరికొచ్చేసరికి కాసేపు ఆలోచించి ‘తొమ్మిది వెయ్యవే’ అంది. ఈసారి డాక్టర్ దగ్గర ‘పర్వాలేదండీ’ అనకుండా ‘కింద కూర్చుంటే లేవలేకపోతున్నా’ అని చెప్పింది. ఆయన మాత్రలు మార్చలేదు. తొడ కండరాలు గట్టిపడే వ్యాయామాలు మూడు నేర్పించి పంపారు. సాయంత్రం సీరియల్ వచ్చే టైమ్‌కి కుర్చీలో కూర్చుని కాలు చాచి, పది అంకెలు లెక్కపెట్టి దించుతోంది. అడ్వర్టైజ్‌మెంట్లు వస్తే రెండో కాలు.