టీవీలో ఆ సున్నా ఎందుకు తిరుగుతుంది?

సినిమా రసపట్టులో ఉండగా తెర మీద సున్నా గిర్రున తిరుగుతుంది. ఫోన్‌లో నెట్ బాగానే ఉంది, టీవీకే రాదు. ఎందుకు?

వైఫై కూడా రేడియో తరంగమే. చాలా రౌటర్లు దాన్ని రెండు బాటల్లో పంపుతాయి. 5 గిగాహెర్ట్జ్ బాట వేగమైనదే కానీ, గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ బాట గోడలు దాటి దూరం పోతుంది. అయితే అక్కడ రద్దీ ఎక్కువ: పక్కింటి రౌటర్లు, బ్లూటూత్, చివరికి మైక్రోవేవ్ ఓవెన్ కూడా! నాన్న పాలు వేడిచేసినప్పుడల్లా టీవీ ఆగుతుంటే దొంగ దొరికినట్టే. ఫోన్ పట్టుకొని సిగ్నల్ ఉన్నచోటికి నడుస్తాం. పాపం, టీవీ గోడకు అతుక్కుని ఉంటుంది.

ముందు టీవీ, రౌటర్ రెండూ ఆపి, నిమిషం ఆగి వేయండి. ఇనుప బీరువా వెనక నక్కిన రౌటర్‌ను బయట, ఎత్తున పెట్టండి. సెట్టింగ్స్‌లో బాట మార్చి చూడండి. అప్పటికీ మొరాయిస్తే లాన్ కేబుల్ పెట్టేయండి. తీగలో వెళ్లేదానికి గోడలతో పనేముంది?