పెద్ద క్లబ్‌కు ఈ మేనేజర్ సరిపోతాడా?

చిన్న ఫుట్‌బాల్ క్లబ్‌ను చక్కగా నడిపిన మేనేజర్‌ను పెద్ద క్లబ్ పిలిచిందనగానే అభిమానులు పాయింట్ల పట్టిక తిరగేసి తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు తప్పితే మంచి కోచ్ పేరు పాడవుతుంది, క్లబ్ ఏళ్లకేళ్లు వెనకబడుతుంది. అందుకే నలుగురూ నమ్మే మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: చిన్న క్లబ్‌లో నిలకడగా రాణించినవాడు ఎక్కడైనా రాణిస్తాడు.

వాస్తవం: అక్కడి పని వేరు, ఇక్కడి పని వేరు. డేవిడ్ మోయెస్ 2002 నుంచి 11 ఏళ్లు ఎవర్టన్‌ను నడిపి, తక్కువ డబ్బుతోనే గట్టి జట్టును నిలబెట్టాడు. 2013లో మాంచెస్టర్ యునైటెడ్ అతనితో ఆరేళ్ల ఒప్పందం చేసుకుంది, పది నెలలకే పంపించేసింది. లోపం ఎక్కడుందో 2014 ఫిబ్రవరిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఫుల్‌హామ్‌తో జరిగిన మ్యాచ్ చూపిస్తుంది. పట్టికలో అట్టడుగున ఉన్న ఫుల్‌హామ్ తన గోల్ ముందే మోహరించింది. యునైటెడ్ రెండు అంచుల నుంచి 80కి పైగా క్రాస్‌లు వేసింది, డిఫెండర్లు వాటిని తలతో బయటికి కొడుతూనే ఉన్నారు. ఇంజురీ టైమ్‌లో గోల్ ఇచ్చుకుని యునైటెడ్ 2-2తో సరిపెట్టుకుంది. ఎవర్టన్ మీదికి పెద్ద జట్లు దూసుకొచ్చేవి, వాటి వెనక ఖాళీ దొరికేది. యునైటెడ్‌కు ఆ ఖాళీని ఎవరూ ఇవ్వరు. కోచ్‌ను అంచనా వేసేటప్పుడు, అలా ముడుచుకుని ఆడే జట్టును ఛేదించే ఆట అతని దగ్గర ఉందా అన్నది ముందు చూడాలి.

అపోహ: జట్టు కింది డివిజన్‌కు పడిపోతే ఆ కోచ్ పనికిరాడు.

వాస్తవం: విన్సెంట్ కొంపనీ 2022-23లో బర్న్‌లీని 101 పాయింట్లతో ప్రీమియర్ లీగ్‌కు చేర్చాడు. మరుసటి సీజన్‌లో 24 పాయింట్లే వచ్చి జట్టు తిరిగి కిందికి పడింది. అయినా 2024లో బయర్న్ మ్యూనిక్ అతన్ని తీసుకుంది, మొదటి సీజన్‌లోనే బుండెస్‌లిగా గెలిచింది. వెనక నుంచి పాస్‌లతో బంతిని నడిపిస్తూ ఎదుటివాళ్ల మీద ఒత్తిడి పెంచే ఆట అతనిది. దానికి తగ్గ ఆటగాళ్లు బర్న్‌లీలో లేరు, బయర్న్‌లో ఉన్నారు.

అపోహ: పెద్ద క్లబ్‌లో విఫలమైతే తప్పంతా మేనేజర్‌దే.

వాస్తవం: 2021-22లో బ్రైటన్‌ను 9వ స్థానంలో నిలిపిన గ్రాహం పాటర్ 2022 సెప్టెంబరులో చెల్సీకి వెళ్లాడు. క్లబ్ యజమానులు కొత్తవాళ్లు. సీజన్ మధ్యలో, జనవరిలో కొత్త ఆటగాళ్లను వరసపెట్టి కొన్నారు. అంతమందిలో పదకొండుమందిని ఎంచుకోవడం, మిగతావాళ్లకు సర్దిచెప్పడం పాటర్ మెడకు చుట్టుకున్నాయి. ఏప్రిల్‌లో అతన్ని తప్పించినా ఫలితం మారలేదు, చెల్సీ 12వ స్థానంలో ముగించింది. మేనేజర్ సిద్ధమా అని అడిగే ముందు క్లబ్ సిద్ధంగా ఉందా అని అడగాలి.

అపోహ: గొప్ప ఆటగాడై ఉంటేనే డ్రెస్సింగ్ రూమ్ మాట వింటుంది.

వాస్తవం: అర్రిగో సాకీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడనే లేదు. రెండో డివిజన్ జట్టు పార్మా నుంచి 1987లో మిలాన్‌కు వచ్చి 1989, 1990ల్లో వరసగా యూరోపియన్ కప్ గెలిపించాడు. మన హైదరాబాద్‌లో ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్ది, భారత జట్టు బాధ్యత కూడా భుజాన వేసుకున్నాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో, తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించాడు. అతను గోల్ కొట్టాడు, స్వర్ణం మనదైంది. తన నిర్ణయం గెలిపిస్తుందన్న నమ్మకం కలిగించే కోచ్ మాటను ఆటగాళ్లు వింటారు.

అపోహ: రెండు సీజన్లలో సంగతి తేలిపోతుంది.

వాస్తవం: అబర్డీన్ నుంచి 1986లో వచ్చిన అలెక్స్ ఫెర్గూసన్ కింద యునైటెడ్ 1989లో 11వ స్థానంలో, 1990లో 13వ స్థానంలో నిలిచింది. తొలి లీగ్ టైటిల్ 1993లో దక్కింది. అలాగని ప్రతివాడికీ ఏడేళ్లు ఇమ్మని కాదు. మ్యాచ్‌లు ఓడుతున్నా ఆట మెరుగవుతోందా, కుర్రాళ్లు ఎదుగుతున్నారా అన్నది గమనించాలి.

వచ్చే సీజన్‌లో మీ క్లబ్ కొత్త మేనేజర్ పేరు ప్రకటించినప్పుడు పట్టికను పక్కన పెట్టి, అతని పాత జట్టు ఆడిన నాలుగైదు మ్యాచ్‌లు పూర్తిగా చూడండి. ముఖ్యంగా బలహీన జట్ల మీద గెలవలేకపోయినవి చూడండి. రేపు పెద్ద క్లబ్‌లో అతనికి దాదాపు ప్రతి వారం ఎదురయ్యే పరీక్ష అదే.