డ్రమ్ము వయసు బిళ్ల మీద ఉండదు

ఎద్దును కొనేవాడు పళ్లు చూడనిదే బయానా ఇవ్వడు. పాత డ్రమ్ములు కొనేవారు మాత్రం పైన మెరిసే ఇత్తడి బిళ్ల చూసి మోసపోతున్నారు.

అమెరికాలోని చికాగోలో తయారైన లుడ్విగ్ డ్రమ్ముల సంగతే చూడండి. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ బృందంలోని రింగో స్టార్ అక్కడి టెలివిజన్‌లో వీటిని వాయించాక గిరాకీ విపరీతంగా పెరిగింది. ఆ కాలపు సరుకంటే నేటికీ మంచి ధర. అందుకే ఆ పేరు చెప్పి తర్వాతి కాలపువి అంటగట్టేవారూ ఉంటారు.

బిళ్లలపై నంబర్లు వేయడం 1963 చివర్లో మొదలైంది. అయితే పనివారు డబ్బాలోంచి చేతికందిన బిళ్ల తీసి బిగించేవారు. ఒకే సెట్టులోని డ్రమ్ముల నంబర్లు కూడా ఎక్కడెక్కడో ఉంటాయి. అంతమాత్రాన దొంగ సరుకని కంగారు పడనక్కర లేదు.

పైపొర విప్పి లోపల చూడాలి. 1960లలో చేసిన చాలావాటికి లోపల తేదీ ముద్ర కనిపిస్తుంది. ముద్ర చెరిగిపోతే చెక్క చూడాలి. చెక్క మూడు పొరలుగా ఉండి, లోపలి అంచుల్లో బలానికి కట్టు వేసి ఉంటే పాతదే. 1976 ప్రాంతంలో ఆరు పొరలకు మారారు. ఫ్యాక్టరీ 1984లో నార్త్ కరొలైనాలోని మన్రోకు తరలింది. ఆరు పొరల డ్రమ్మును చూపి 1964 నాటిదంటే, బిళ్ల మీద ఏమున్నా సరే, బయానా జేబులోనే ఉంచుకోవాలి.